నాఖుదా పద్దు నుంచి సెల్‌ఫోన్ దాకా

2022లో ఒక శుక్రవారం సాయంత్రం. కువైట్ నగరంలోని మాలియా వీధులు ఎప్పటిలాగే మన తెలుగువాళ్లతో కిటకిటలాడుతున్నాయి. ఊరికి డబ్బు పంపేవాళ్లు, పార్శిల్ కట్టించేవాళ్లు, వారానికి ఒక్కసారి దొరికే సెలవులో సొంతూరి మనిషి ముఖం చూద్దామని వచ్చినవాళ్లు. రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను ఆపి, "నాయనా, దీంట్లో ఏముందో రోంత సదివి పెట్టు" అని తన సెల్‌ఫోన్ నా చేతికిచ్చింది. చూస్తే ప్రభుత్వం పంపిన సందేశం. అంతా అరబిక్. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్న నేను అందులో ఒక్క ముక్క చదవలేకపోయాను. ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి, అనువాదం చేయిస్తే విషయం తెలిసింది. ఆవిడ అకామా గడువు మరో వారంలో ముగుస్తుంది. ఆ సందేశం వచ్చి అప్పటికే మూడు వారాలయింది.

ఆవిడకు తెలివి తక్కువై కాదు. పదకొండేళ్లుగా పరాయి ఇంట్లో వంట చేస్తూ, వాళ్ల పిల్లలను సాకుతూ నెగ్గుకొస్తోంది. నాకు రాని అరబిక్ గడగడా మాట్లాడుతుంది. కానీ తన బతుకును నిర్ణయించే ఆ నాలుగు వాక్యాలు ఏం చెబుతున్నాయో తెలుసుకునే ఉపాయం నాకు తెలుసు, ఆవిడకు తెలియదు. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

పేద యువతీయువకులకు కంప్యూటర్ శిక్షణ, జీవన నైపుణ్యాల శిక్షణ అనే మాటలు మన సంఘాల సమావేశాల్లో తరచుగా వింటూ ఉంటాం. అవి వినగానే మనకు నాలుగు కంప్యూటర్లు, ఒక గది, గోడ మీద దాతల పేర్లు గుర్తుకొస్తాయి. ఆ రోజు తర్వాత నాకు మాత్రం ఆ ఫోనే గుర్తుకొస్తోంది. ఈ శిక్షణ కథను కువైట్ చరిత్రలోంచి చూస్తే అది కొత్త కథ కాదనీ, ఈ గడ్డ మీద వందేళ్ల పైబడిన కథ అనీ తెలుస్తుంది.

ముత్యాల నాటి అప్పు

చమురు రాకముందు కువైట్ బతుకు ముత్యాల మీద, ఓడ వర్తకం మీద నడిచింది. ఎండాకాలం నాలుగు నెలలు వందలాది తెరచాప పడవలు సముద్రం మీదికి వెళ్లేవి. పడవ అధిపతిని నాఖుదా అనేవారు. నీళ్లలో మునిగి ముత్యపు చిప్పలు ఏరేవాడికి కూలి రోజువారీగా ఉండదు. పడవ ఎక్కే ముందు ఇంటి ఖర్చుకు కొంత అడ్వాన్సు ఇస్తారు. సీజను అయ్యాక ముత్యాలు అమ్మి, ఖర్చులు పోను మిగిలినది పంచుతారు. అందులో అడ్వాన్సు మినహాయిస్తారు. ముత్యాలు సరిగా దొరకని ఏడాది అప్పు మిగిలిపోయేది, మరుసటి ఏడాది దాని మీద ఇంకొంత చేరేది. ఈతగాడు చనిపోతే అప్పు కొడుకు మీద పడిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ అప్పు లెక్క ఉండేది నాఖుదా పద్దు పుస్తకంలో. ఈతగాళ్లలో చాలామందికి చదువు లేదు. తన పేరు మీద ఎంత రాసి ఉందో పుస్తకం చూసి తెలుసుకోలేడు, చెప్పింది నమ్మాలి. ఏజెంటుకు లక్షలు కట్టి, వడ్డీకి తెచ్చి, ఏ జీతానికి వెళ్తున్నామో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి విమానం ఎక్కినవాళ్లను చూసిన మనకు ఈ కథ కొత్తగా అనిపించదు.

బొంబాయి రూపాయలతో కట్టిన బడి

కువైట్‌లో మొదటి ఆధునిక పాఠశాల అల్ ముబారకియా. 1911లో మొదలైంది. అంతకుముందు ఉన్నవి ఖురాను నేర్పే వీధి బడులు. షేక్ యూసుఫ్ బిన్ ఈసా వంటి పెద్దలు పూనుకుని వర్తకుల దగ్గర చందాలు పోగు చేసి ఈ బడి పెట్టారు. మతవిద్యతో పాటు లెక్కలు, వర్తకపు పద్దులు, ఉత్తరాలు రాయడం నేర్పారు. అంటే ఓడ వర్తకంలో కుర్రవాడికి పనికొచ్చే చదువన్నమాట. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది నైపుణ్య శిక్షణే.

మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ బడికి పెద్ద విరాళాలిచ్చినవారిలో బొంబాయిలో వ్యాపారం చేసే అల్ ఇబ్రాహీం కుటుంబం ఒకటి. ఆ విరాళం రూపాయల్లో వచ్చింది. 1961లో దినార్ వచ్చేవరకు కువైట్‌లో చెలామణి అయింది రూపాయే. ఆ రోజుల్లో ప్రవాసులు వాళ్లు, ఆశ్రయమిచ్చింది మన దేశం. పరాయి ఊళ్లో సంపాదించి సొంతూరి పిల్లల చదువుకు డబ్బు పంపిన ఆ కువైటీ వర్తకులకూ, ఈ రోజు ఊళ్లో బడికి కంప్యూటర్లు కొనిస్తున్న మన ప్రవాసాంధ్రులకూ పెద్ద తేడా లేదు.

1921లో అల్ అహ్మదియా అనే రెండో బడి వచ్చింది. అక్కడ ఇంగ్లీషు కూడా నేర్పారు. 1930లలో ఒకవైపు ప్రపంచ ఆర్థిక మాంద్యం, మరోవైపు జపాన్ పెంపకం ముత్యాలు కలిసి ఇక్కడి ముత్యాల వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. 1965లో నిర్బంధ విద్య చట్టం చేశారు, 1966లో విశ్వవిద్యాలయం పెట్టారు. అప్పులపాలైన ఈతగాళ్ల మనవళ్లు రెండు తరాల్లో డాక్టర్లూ ఇంజనీర్లూ అయ్యారు. చమురు డబ్బు ఉంది కాబట్టి సాధ్యమైంది అంటాం. నిజమే. కానీ ఆ డబ్బు రావడానికి 35 ఏళ్ల ముందే బడి కట్టారన్నది మరిచిపోకూడదు.

అరబిక్ నేర్చిన కంప్యూటర్

కంప్యూటర్ల విషయంలోనూ కువైట్‌కు ఒక గొప్ప చరిత్ర ఉంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లలోనే చాలామందికి తెలియదు. 1982లో మొహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైటీ పారిశ్రామికవేత్త తన అల్ ఆలమియా సంస్థ కింద 'సఖర్' అనే సాఫ్ట్‌వేర్ సంస్థను మొదలుపెట్టారు. అప్పట్లో జపాన్ కంపెనీలు చేస్తున్న ఎంఎస్ఎక్స్ రకం ఇంటి కంప్యూటర్లను తీసుకుని, వాటికి అరబిక్ నేర్పి, అరబిక్ కీబోర్డుతో, అరబిక్ పాఠాలతో అరబ్బు పిల్లల ముందు పెట్టారు. ఇంగ్లీషు వచ్చాకే కంప్యూటర్ ముట్టుకోవాలి అన్న షరతును తీసేశారు. 1980లలో చదువుకున్న ఎంతోమంది అరబ్బు పిల్లలకు మొదటి కంప్యూటర్ సఖరే. 1990 యుద్ధం వల్ల ఆ సంస్థ కైరోకు తరలిపోవలసి వచ్చింది. అల్ షారిఖ్ 2024లో కన్నుమూశారు.

ఇందులో మనకొక పాఠం ఉంది. మన పల్లెల్లో కంప్యూటర్ శిక్షణ ఎక్కువగా ఇంగ్లీషు చేయి పట్టుకునే నడిచింది. ఇంగ్లీషు ఉద్యోగం తెచ్చిపెడుతుంది, కాదనను. కానీ ఇంగ్లీషు భయంతో పిల్ల కీబోర్డు ముందు కూర్చోవడానికే జంకితే రెండూ పోతాయి. తెలుగులో టైపు చేయడం, తెలుగులో వెతకడం ముందు నేర్పితే ఆ భయం సగం పోతుంది.

మనవాళ్ల రాక

1970లలో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాలకు కార్మికుల వలస ఊపందుకుంది. తెలంగాణ జిల్లాల వారు ఎక్కువగా దుబాయ్, సౌదీల వైపు వెళ్తే, అప్పటి కడప జిల్లాలోని రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతాల వారు, గోదావరి జిల్లాల వారు కువైట్ బాట పట్టారు. మగవాళ్లు డ్రైవర్లుగా, తోటపనివాళ్లుగా, వంటవాళ్లుగా. ఆడవాళ్లు ఇళ్లలో పనికి.

1983లో భారత ప్రభుత్వం వలస చట్టం తెచ్చింది. దాని కింద కువైట్ వంటి దేశాలకు పనికి వెళ్లేవారిలో తగిన చదువు లేనివారికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఇప్పటి నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైతే ఆ అనుమతి అక్కర్లేదు. చదువు లేనివారిని కాపాడటానికి గీసిన గీత అది. అనుమతి కావలసిన ఆడవారికైతే కనీసం 30 ఏళ్ల వయసుండాలి. కాని ఆ గీతను తప్పించుకునే దారులు చూపించే ఏజెంట్లు కూడా పుట్టుకొచ్చారు. విజిట్ వీసా మీద పంపడం, వయసు మార్చడం, పక్క దేశం మీదుగా దాటించడం. అలా వచ్చినవారికి కష్టమొస్తే చూపించడానికి సరైన కాగితం ఉండదు.

ఇక్కడికి వచ్చాక ఇంకో గీత. మనవాళ్లు ఖాదిం వీసా, షూన్ వీసా అంటారు. మొదటిది ఇరవయ్యో నంబరు, ఇంటిపని వాళ్లది. రెండోది పద్దెనిమిదో నంబరు, కంపెనీ వాళ్లది. రెండింటికీ చట్టాలు వేరు, హక్కులు వేరు. 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇంటిపని వాళ్లకు వర్తించదు. కంపెనీలో పని అని చెప్పి ఇరవయ్యో నంబరు మీద పంపితే, ఆ రెండంకెలు చదవలేని మనిషికి మోసం తెలిసేది దిగాకే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఇంటికి చేర్చారు. ఆ విమానాల కథ సినిమాగా కూడా వచ్చింది. ఆ తర్వాత జరిగిన కాగితాల కథ అంతగా ఎవరికీ తెలియదు. 1991లో ఐక్యరాజ్యసమితి ఒక నష్టపరిహార సంఘాన్ని ఏర్పాటు చేసింది. దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన సామాన్యులకు నిర్ణీత మొత్తాలు ప్రకటించింది. ఒంటరి వ్యక్తికి 2,500 నుంచి 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 నుంచి 8,000 డాలర్లు. అయితే దానికి ఫారం నింపి, ఆ సమయంలో కువైట్‌లో ఉన్నట్టు రుజువు పెట్టి, ప్రభుత్వం ద్వారా పంపాలి. ఆనాటి రూపాయల్లో అది పేద కుటుంబానికి చిన్న డబ్బు కాదు. అకామా కాపీ దాచుకున్నవాడికీ, దాచుకోవాలని తెలియనివాడికీ మధ్య తేడా అప్పుడు డాలర్లలో తేలింది.

మన రాష్ట్రంలో మొదలైన ప్రయోగం

ఇటు మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూద్దాం. కల్లం అంజిరెడ్డి గారి ఆధ్వర్యంలో 1996లో ఏర్పడిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో 'ల్యాబ్స్' అనే శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. చదువు మధ్యలో మానేసిన, పేద ఇళ్ల యువతకు సుమారు మూడు నెలల శిక్షణ. దాని పద్ధతి గమనించదగ్గది. ముందు ఆ ఊరి చుట్టుపక్కల ఏ ఉద్యోగాలున్నాయో సర్వే చేస్తారు. ఆ తర్వాతే ఏం నేర్పాలో నిర్ణయిస్తారు. ఆ పనికి కావలసిన నైపుణ్యంతో పాటు నలుగురిలో మాట్లాడటం, ఇంటర్వ్యూకి వెళ్లడం, జీతం పొదుపు చేయడం వంటివి కూడా పాఠాల్లో భాగం.

2005లో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఇలాంటి ఆలోచనతోనే ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్‌ను స్థాపించింది. అందరూ ఇ.జి.ఎం.ఎం. అని పిలిచేవారు. పల్లెటూళ్ల, గిరిజన గూడేల పిల్లలకు, వికలాంగులకు ఇంగ్లీషు, ఉద్యోగానికి తయారీ, కంప్యూటర్ కలిపి మూడు నెలల రెసిడెన్షియల్ కోర్సు ఇందులో పేరు తెచ్చుకుంది. బస్సెక్కి జిల్లా కేంద్రం దాటి ఎరగని పిల్ల మూడు నెలల్లో హైదరాబాదులో సూపర్ మార్కెట్ కౌంటర్లో కూర్చుని బిల్లు కొట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 2014లో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనను ప్రకటించేనాటికి, గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో పెట్టించే పద్ధతిలో మన రాష్ట్రానికి ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. రాష్ట్ర విభజన తర్వాత ఈ పని తెలంగాణలో ఇ.జి.ఎం.ఎం. పేరుతోనే సాగింది, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ చేతికి వచ్చింది.

ఈ శిక్షణల్లో లోపాలు లేవని కాదు. ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎంతమందికి ఉద్యోగం ఇప్పించాం అన్న లెక్క మీదే చూపంతా ఉంటే, ఏడాది తర్వాత ఆ పిల్ల అదే ఉద్యోగంలో ఉందా అని అడిగేవారు తగ్గుతారు. ఇంకో పెద్ద వెలితి మన విషయానికి సంబంధించింది. ఈ పాఠాలు హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. రాయచోటి నుంచి కువైట్ వెళ్లే డ్రైవరుకు, కోనసీమ నుంచి వెళ్లే వంటమనిషికి ఏ కాగితాలు ఎదురవుతాయో వాటిలో లేదు.

ఆ వెలితిని పూడ్చే ప్రయత్నాలు తర్వాత జరిగాయి. విదేశాంగ శాఖ, వలస వెళ్లేవారికి ప్రయాణానికి ముందు ఒక రోజు అవగాహన శిక్షణ ఏర్పాటు చేసింది. ఆ దేశపు చట్టం, కాంట్రాక్టు, బీమా, కష్టమొస్తే ఎవరిని సంప్రదించాలి అన్నవి అందులో చెబుతారు. ఫిర్యాదుల కోసం 2015లో 'మదద్' పోర్టల్ వచ్చింది. మంచివే. కాని ఒక్కరోజులో విన్నది ఎంత గుర్తుంటుంది? పోర్టల్ తెరవడం రానివారికి పోర్టల్ ఏం సాయం చేస్తుంది?

చట్టం వచ్చింది, ఫోన్ వచ్చింది

2015లో కువైట్ ప్రభుత్వం ఇంటిపని వాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో కూడిన సెలవు, పని మానేసేటప్పుడు ఏడాదికొక నెల జీతం చొప్పున పరిహారం. పనిమనిషి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టు దాచిపెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. 2021 జూన్‌లో భారత్, కువైట్‌ల మధ్య ఇంటిపని వాళ్ల గురించి ఒప్పందం కూడా కుదిరింది. ఇవన్నీ ఉన్నాయని మాలియాలో కలిసే పదిమందిని అడగండి. నేను అడిగినప్పుడు ఒకరిద్దరికి మించి తెలియదు.

ఈ లోపల లోకమంతా ఫోన్‌లోకి వచ్చేసింది. ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి దాని గుణం మారుతుంది. 2019లో బీబీసీ అరబిక్ విలేకరులు జరిపిన పరిశోధనలో, కువైట్‌లో ఇంటిపని మనుషులను ఫొటోలు పెట్టి యాప్‌ల ద్వారా, సామాజిక మాధ్యమాల ద్వారా బేరం పెడుతున్న సంగతి బయటపడింది. అమ్మేవాడికి కంప్యూటర్ శిక్షణ ఉంది. అమ్ముడయ్యే మనిషికి లేదు. అంతే.

అదే ఫోన్‌లో 2020లో కువైట్ మొబైల్ ఐడీ వచ్చింది, 2021లో సాహెల్ అనే ప్రభుత్వ సేవల యాప్ వచ్చింది. సాహెల్‌లో ఇంగ్లీషు చేరింది 2024లోనే, మొదట్లో అంతా అరబిక్. మాలియాలో ఆ పెద్దావిడ నాకు చూపించిన సందేశం అలాంటిదే. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా ఇరవయ్యో నంబరు వీసా నుంచి పద్దెనిమిదో నంబరుకు మారేందుకు ప్రభుత్వం అవకాశమిచ్చింది. ఒకే యజమాని దగ్గర ఏడాది నిండి ఉండాలి, ఆ యజమాని ఒప్పుకోవాలి. రెండు నెలలే గడువు. ఆ వార్త సకాలంలో చదివినవాళ్లు ప్రయత్నించి చూశారు. గడువు దాటాక తెలిసినవాళ్లు ఇప్పటికీ తలుచుకుని బాధపడుతుంటారు. నాఖుదా పద్దు ఇప్పుడు ఫోన్‌లోకి మారింది. తేడా ఏమిటంటే, ఈ పద్దు ఈతగాడి జేబులోనే ఉంది. తెరవడం రావాలి.

మనం చేయగలిగింది

ఇక్కడ లక్షల డాలర్ల పథకాలు ప్రతిపాదించడం నా ఉద్దేశం కాదు. మనకు శుక్రవారాలు ఉన్నాయి, హాళ్లు ఉన్నాయి, చదువుకున్నవాళ్లు ఉన్నారు. రెండు గంటల తరగతి, ఆరు వారాలు. మొదటి వారం తన సివిల్ ఐడీ మీద ఏముందో, వీసా నంబరేమిటో, గడువు ఎప్పుడో చదవడం. రెండో వారం పాస్‌పోర్టు, కాంట్రాక్టు, అకామా ఫొటో తీసి ఈమెయిల్లో దాచుకోవడం. మూడో వారం అరబిక్ సందేశాన్ని తెలుగులోకి మార్చుకోవడం. నాలుగో వారం బ్యాంకు ఖాతా, ఊరికి పంపిన డబ్బుకు రసీదు, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం. ఐదో వారం చట్టం ఏమంటుందో. ఆరో వారం మదద్‌లో ఫిర్యాదు నింపడం, ఎంబసీ నంబరు చూడకుండా చెప్పగలగడం. వర్డు, ఎక్సెలు ఆ తర్వాత.

ఊళ్లో కంప్యూటర్ సెంటర్ పెట్టించే దాతలకూ ఒక మనవి. దాని పక్కనే పదో తరగతి తప్పిన పిల్లలను మళ్లీ పరీక్ష రాయించే ఏర్పాటు చేయండి. ఓపెన్ స్కూల్ ద్వారా ఆ దారి ఉంది. రేపు ఆ కుర్రవాడు గల్ఫ్‌కు బయలుదేరితే పాస్‌పోర్టు మీద పడే ముద్రను మార్చేది ఆ పరీక్షే. బయలుదేరకుండా ఊళ్లోనే నిలబడితే మరీ మంచిది.

శిక్షణ పొందిన ప్రతివాడికీ మంచి యజమాని దొరుకుతాడని నేను చెప్పను. చదవడం వస్తే మోసం జరగదనీ కాదు, నాకే అరబిక్ రాదు కదా. కానీ మోసం జరిగినప్పుడు ఏం జరిగిందో తనంతట తాను తెలుసుకోగలగడం, ఎవరితో చెప్పుకోవాలో తెలియడం ఒక మనిషికి చిన్న బలం కాదు. 1911లో బొంబాయి నుంచి రూపాయలు పంపిన ఆ వర్తకులు కోరుకున్నదీ తమ ఊరి కుర్రవాడు తన పద్దు తాను రాసుకోవాలనే.

మాలియాలో ఆ పెద్దావిడ ఆ మర్నాడే తన బాబాకు చెప్పి అకామా పొడిగించుకుంది. నెల తర్వాత మళ్లీ కనిపించింది. ఈసారి ఫోన్ నా చేతికి ఇవ్వలేదు. తనే ఫొటో తీసి, తెలుగులోకి మార్చి, "సరిగ్గా వచ్చిందేమో చూడు నాయనా" అని నాకు చూపించింది. అప్పటికే ఇద్దరు స్నేహితురాళ్లకు నేర్పించానని కూడా చెప్పింది. మన తరగతికి మొదటి పంతులమ్మ అప్పుడే తయారైందన్నమాట. మిగతావారం మనం కలిసి రావడమే తరువాయి.